కాస్త జరుగు

ఒంగోలు శివారులోని ఆ మేనేజ్‌మెంట్ కళాశాలలో ఏటా జరిగే వ్యాపార పోటీల్లో, సెమీఫైనల్ నుంచి ఓడిన విద్యార్థి గెలిచిన విద్యార్థిలో విలీనమవుతాడు. పేరు గెలిచినవారిదే ఉంటుంది. హాజరు కూడా ఒకటే వేస్తారు. పెద్ద కంపెనీ చిన్న కంపెనీని కలుపుకోవడం పుస్తకంలో చదివితే అర్థం కాదని, అనుభవంలోకి రావాలని కన్వీనర్ కోదండపాణి గారు పదేళ్ల కిందట పెట్టిన పద్ధతి ఇది.

ఈ ఏడు సెమీఫైనల్లో హిమజకూ ప్రిస్కిల్లాకూ పోటీ పడింది. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. కాగితం మీద చెరో సబ్బుల కంపెనీ అప్పగించారు. ఎవరు ధర తగ్గిస్తే కొనేవాళ్లు వాళ్ల వైపు వెళతారు. ఇద్దరూ ఒకే ధర పెడితే పోటీ సమం. ఎవరి ఒంట్లో వాళ్లు ఉండిపోవచ్చు. అలా ఇంతవరకూ జరగలేదని నిబంధనల పత్రంలోనే అచ్చువేశారు.

ముందురోజు సాయంత్రం మెస్‌లో ప్రిస్కిల్లా అన్నం సగంలో వదిలేసింది. సబ్బు ధర ఇరవై రూపాయల దగ్గరే ఉంచుదామని, అర్ధరూపాయి కూడా తగ్గించవద్దని హిమజే ముందు అంది. ప్రిస్కిల్లా ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేనైతే తగ్గించనే. నువ్వు తగ్గించవుగా?"

"తగ్గించను," అంది హిమజ. ఆ క్షణాన అది నిజమే.

పొద్దున హాల్లో చీటీ మీద ధర వేసేముందు హిమజ ప్రిస్కిల్లా వైపు చూసింది. ప్రిస్కిల్లా మంచి పిల్లే. కానీ భయపడి ఉంది. భయపడ్డవాళ్లు ఏమైనా చేస్తారు. హిమజ పందొమ్మిదిన్నర వేసి చీటీ మడిచింది. ప్రిస్కిల్లా చీటీలో ఇరవై ఉంది.

విలీనానికి పదకొండు నిమిషాలు పట్టింది. లైబ్రరీ పుస్తకాలు, గది తాళం అప్పజెప్పినట్టు ప్రిస్కిల్లా చేత రెండు సంతకాలు పెట్టించారు. తర్వాత ఆమె చెప్పులు విడిచి, హిమజ కూర్చున్న కుర్చీలోనే వచ్చి కూర్చుంది. ఏడవలేదు. "కాస్త జరుగు," అని మాత్రం అంది. హాలంతా చప్పట్లు కొట్టింది. మధ్యాహ్నానికల్లా గదిలో రెండో మంచం తీసేశారు. హిమజకు గుండె దడ పట్టుకుంది. రెండు భయాలు ఒక్క గుండెలో సర్దుకోవడానికి వారం పడుతుందని కళాశాల డాక్టరు చెప్పాడు.

ఆదివారం ప్రిస్కిల్లా తల్లి మార్తమ్మ వచ్చింది. ఆమె ఆసుపత్రిలో ఆయా. అమ్మాయి ఎక్కడికీ పోలేదని, తనకన్నా పెద్దదానిలో భాగమైందని కోదండపాణి గారు ఓపికగా వివరించారు. మార్తమ్మ అంతా విని, హిమజ ముఖంలోకి చాలాసేపు చూసింది. కూతురి కోసం తెచ్చిన చేపల పులుసు ఆమెకే పెట్టింది. హిమజ పుట్టి బుద్ధెరిగి చేప ముట్టలేదు. మారు అడిగి తింది.

"ఫైనల్లో నీకెదురు ఎవురమ్మా?" అని అడిగింది మార్తమ్మ.

"వంశీధర్ అని, పోయినేడు గెలిచినతను. అతనిలో ఇప్పటికే నలుగురున్నారు."

మార్తమ్మ గిన్నె మూత పెట్టబోయింది. మూత పక్కన పెట్టేసి హిమజ దగ్గరికి జరిగింది.

"నువ్వు నెగ్గాల తల్లీ. నువ్వు గూడా ఓడితే నా బిడ్డ ఇంకా లోపలికి పోద్ది."

గేటు దగ్గర, ఫైనల్ చూడవచ్చే తల్లిదండ్రుల పేర్లు రాసుకుంటున్నారు. ఎవరి తల్లివని అడిగితే మార్తమ్మ హిమజ తల్లినని రాయించింది.