సేఠ్ గర్వభంగం, నీటిమొక్క పట్టాభిషేకం

స్వస్తి! కరోనా మహమ్మారి విజృంభణమునకు వెరచి సకల మానవకోటి తలుపులు బిగించుకొని, మూతికి గుడ్డ కట్టుకొని, ఎవరైనా తుమ్మితే గుండె గుభేలుమనుచున్న ఆ రెండువేల ఇరవైయవ సంవత్సరపు మండువేసవిలో, తపతీనదీ పావనమగు సూరత్ మహానగరమునకు తూర్పున, కడోదరా యందు, మరమగ్గముల చప్పుడు ఆగిపోయి చెవులు బోసిపోయిన ఒక గదిలో, లక్ష్మీరాజమను వీరుడు గాజుతొట్టి ముందు గొంతుక్కూర్చుండెను.

సిరిసిల్లలో పుట్టి, సూరత్‌లో సాంచెలనబడు మరమగ్గములు నడుపుచు మీసము నెరిసిన ఆ భగ్నసూత్రసంధాన ధురంధరునకు ఇప్పుడు చేతులకు పని లేదు. అదే అతని అసలు దుఃఖము. ఆ దిగులు మరచుటకై తొట్టిలో ఒక పచ్చని మొక్కను పెంచబూనెను. కానీ తొట్టిని ఏలుచున్న బంగారుచేప, బొజ్జను చూసి లక్ష్మీరాజమే తన మగ్గముల యజమాని పేరిట ‘సేఠ్’ అని నామకరణము చేసిన ఆ మదోన్మత్త మీనాధిపతి, గులకరాళ్ల నడుమ పాతిన మొక్కను పాతినట్టే పెకలించి, నీటిపై తేల్చి, తోక ఊపుచు విహరించుచుండెను.

అంతట ఇల్లాలు స్వరాజ్యం చేటెడు బియ్యముతో రణచండివలె ప్రత్యక్షమయ్యెను.

“గడ్డితోని గీ కొట్లాటేందయ్యా? రేషన్ బియ్యం పొయ్యనీకి డబ్బా లేదు. పొద్దుగూకేటాలకు అది నిలవడితే సరే. లేకుంటె సేఠ్‌ను ఎదురింటోళ్లకిచ్చి, తొట్ల బియ్యం పోస్త!”

వీరుడు లేచెను. లుంగీ ఎగగట్టెను. తొట్టి దద్దరిల్ల గర్జించెను.

“ఓ సేఠూ! అసలు సేఠ్ అరిస్తెనే నేను బెదర్లే, నువ్వెంత! కండ్లు మూస్కోని పోగులు అతికిన చేతులివి. నీ బొజ్జ మీదొట్టు, గీ మొక్కను నిలబెడ్త!”

మరల లోతుగా పాతెను. సేఠ్ పీకెను. చుట్టూ రాళ్లు పేర్చి కోట కట్టెను. సేఠ్ మూతితో కోటను కూల్చి మరీ పీకెను. పొద్దు వాలుచుండెను. తేలిన మొక్కను చేతికి తీసుకొని చూడగా, గులకలో కప్పిన దాని దుంప నల్లబడుచుండెను.

“అరెరె, పాతుడే తప్పాయె! దీనికి ఊపిరాడ్తలేదు” అని వీరుడు నొచ్చుకొనెను.

పాతరాదు, మరి నిలుపుట ఎట్లు? అతని చూపు గూటిలోని పాలిస్టర్ దారపు కండెపై పడెను. నీట నానినను కుళ్లని ఆ దారమును తీసి, మొక్కను రాతిపై ఆనించి, తెగిన పోగులను అతికెడి నేతగాని ముడిని, లాగినకొలది బిగిసెడి ఆ ముడిని, రెండు వేళ్లతో క్షణములో బిగించెను. ఎన్నాళ్లకో ఆ వేళ్లు తమ పని తాము చేసినవి. వానికి ఎంతో హాయి కలిగెను.

రాయి తొట్టి అడుగున దిగినంతనే సేఠ్ రొప్పుచు, రోజుచు, రెక్కలు విదల్చుచు, బొజ్జ భారమంతయు మూతికి తెచ్చుకొని ఆకును పట్టి గుంజెను, ముడి బిగిసెను, మరల గుంజెను, మరింత బిగిసెను, తుదకు ఆ మత్స్యరాజు నోరు తెరచుచు, మూయుచు, మూలకు పోయి ఏమీ ఎరుగనట్లు మేత వెదకుకొనెను.

స్వరాజ్యం తొట్టిలోకి తొంగి చూచెను. చేటలోని బియ్యమును బిందెలో పోసెను. పిదప కొంగున దాచిన మాస్కును తీసి చాచెను.

“దీని దారం తెగింది. జర గదే ముడెయ్యి.”

వేసెను. కాబట్టి సకల జనులారా, వినుడు! సూరత్ సాంచెలన్నీ బందైన ఆనాడు కూడా కడోదరాలో ఒక నేతగాడు రెండు ముడులు వేసెను, రెండూ ఊడలేదు!