కోతకు సరిపడా స్వేచ్ఛ

నిప్పు, చక్రం తర్వాత మానవజాతి సాధించిన మూడో ఘనవిజయం ‘స్వేచ్ఛా కోత ధ్రువపత్రం’ అని ఆ కార్యాలయం గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. (రాయించింది ఆ కార్యాలయమే.) ఈ కాలం పిల్లలకు స్వేచ్ఛ ఎక్కువైపోయిందని పెద్దలంతా ఏకగ్రీవంగా తీర్మానించాక, ఎక్కువైనదాన్ని కొలిచి, కోసి, కోసినట్టు కాగితం ఇవ్వడానికి ఈ శాఖను పెట్టారు. ముప్ఫై ఏళ్ల లోపువాళ్లు ఎవరు ఉద్యోగంలో చేరాలన్నా ఆ శాఖ ముద్ర ఉన్న కాగితం చూపించాలి.

ఆ రోజు మూడో కౌంటరుకి ఒక తండ్రి, ఇరవై నాలుగేళ్ల కూతురు వచ్చారు. అమ్మాయికి పక్క పట్నంలోని ప్రయోగశాలలో ఉద్యోగం వచ్చింది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికల్లా చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి పోతుంది.

“మా అమ్మాయికి స్వేచ్ఛ మరీ ఎక్కువైందండీ. కాస్త గట్టిగానే కొయ్యండి,” అన్నాడు తండ్రి, గారాబం చేసి చెడగొట్టినవాడి గర్వంతో.

కొలతల అధికారి కళ్లజోడు సవరించుకుని ఫారం చూశాడు. అందులో ఉన్నది ఒకటే ప్రశ్న. ‘గత ఏడాది మీ అంతట మీరే తీసుకున్న నిర్ణయాలు రాయండి.’ జవాబంతా తండ్రి చేతిరాతే. (కూతురి రాత బాగుండదని ఆయన అభిప్రాయం. చూసి పదేళ్లయింది.)

“పై చదువు?”

“రసాయనశాస్త్రం. నేనే చేర్పించాను.”

“అయితే కొట్టేస్తున్నా. జుట్టు కత్తిరించుకోవడం?”

“అనుకుంది. వాళ్లమ్మ వద్దంది.”

“కొట్టేశా. ఫోను?”

“తనదేనండీ. పాస్‌వర్డ్ మాత్రం వాళ్లన్నయ్య పెట్టాడు.”

చివరికి గొడుగు రంగు ఒక్కటి మిగిలింది. కొట్లో ఉన్నది ఆ ఒక్క రంగేనని అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. ఆమె పొద్దుట్నుంచీ మాట్లాడింది అదే.

“సున్నా వచ్చిందండీ,” అన్నాడు అధికారి. “కొయ్యడానికేమీ లేదు. కొయ్యకుండా కోసినట్టు కాగితం ఎలా ఇవ్వను?”

తండ్రి కౌంటరు మీదికి వంగాడు. “అదేంటి సార్? ఇంట్లో అంతా తన ఇష్టమే అనుకుంటున్నాం. రేపే చేరాలి. పోనీ మీరే ఓ పిసరు ఇచ్చి, మళ్లీ మీరే కోసేద్దురూ.”

నిబంధనల పుస్తకంలో అందుకూ చోటుంది. పది నిమిషాల స్వేచ్ఛ, తాత్కాలికం. అధికారి ఉత్తర్వు రాసి, ముద్ర కొట్టి, కాగితం చాపాడు. అలవాటు ప్రకారం తండ్రి చెయ్యే ముందుకెళ్లింది.

“మీకు కాదండీ. అమ్మాయికి.”

అమ్మాయి కాగితాన్ని రెండువైపులా చదివింది. గోడ గడియారం చూసి, దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. “మీరు కూర్చోండి నాన్నా,” అని బయటికి నడిచింది.

బస్టాండు ఎదురుగానే ఉంది. పక్క పట్నం బస్సు ఏడో నిమిషంలో కదిలింది. (మర్నాడు ప్రయోగశాల వాళ్లు ముద్ర చూశారు. పైన ఏం రాసి ఉందో చదవలేదు. ఏ ఆఫీసులోనూ చదవరు.)

తండ్రి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఐదోసారికి ఎత్తి, “దిగాక చేస్తాను నాన్నా,” అంది. ఆయన చాలాసేపు బెంచీ మీదే కూర్చుండిపోయాడు. “కిటికీ పక్కన సీటు దొరికిందో లేదో,” అన్నాడు చివరికి, ఎవరితోనూ కాకుండా.

యువతకు స్వేచ్ఛ మితిమీరిందనడానికి ఆ శాఖకు ఈ ఏడాది దొరికిన రుజువు ఇదొక్కటే. వార్షిక నివేదికలో ఇలా నమోదైంది: పది నిమిషాలు ఇవ్వగా ఏడు వాడుకున్నది, మిగిలిన మూడూ ఇంతవరకు తిరిగి అప్పగించలేదు.