మూడో మడి మీద కోళ్ళు

ఆ ఉదయం తోటమ్మ కూరగాయల బుట్టలు బండికెక్కించి, మార్కెట్టుకి బయల్దేరేముందు మొగుడికి ఒకే ఒక్క పని చెప్పింది.

"ఏమండీ, కోళ్ళ గూడుని మూడో మడి మీదకి తోసెయ్యండి. పది గంటలకి పెద్ద హోటల్నుంచి చెఫ్ వస్తారు, ఈలోగా నేను వచ్చేస్తాను. మీరింకేం చెయ్యకండి."

"ఒక్క పనేనా?" అన్నాడాయన, కాస్త చిన్నబోయి.

"ఒక్కటే," అని ఆవిడ బండి తీసింది.

తోటమ్మ అని పేరు పెట్టింది మార్కెట్టులోని వాళ్ళు. అసలు పేరేమిటో వాళ్ళకి అక్కర్లేదు, ఆవిడ తెచ్చే ఆకుకూర చాలు. ఇంటి వెనక స్థలంలో రెండేళ్ళ కిందట ఇటుక ముక్కలు, తుప్పు పట్టిన రేకులు, పిచ్చిమొక్కలు తప్ప మరేమీ లేవు. ఇప్పుడు బావి దగ్గర్నుంచి గేటు దాకా వరసగా ఎనిమిది మళ్ళు. చలి వెళ్ళిపోయి వసంతం వచ్చేసరికి కంచె పొడుగునా పూలు, వాటి మీద తేనెటీగలు, ఏ మడిలో చూసినా చిగుళ్ళు. ఒక్క మనిషి ఒక్క పారతో ఇంత పని చేసిందంటే చూసినవాళ్ళు ముందు నమ్మరు, తరవాత ఆవిడ చేతులు చూసి నమ్ముతారు.

పన్నెండు కోళ్ళని కూడా ఆవిడ ఊరికే తిని కూర్చోనివ్వదు. వాటికో చక్రాల గూడు చేయించింది, పైన చుట్టూ జాలీ, కింద అడుగు లేదు. పంట అయిపోయిన మడి మీదకి ఆ గూడుని తోస్తే, మూడు రోజుల్లో కోళ్ళు మిగిలిన మొక్కలూ కలుపూ పురుగులూ తినేసి, మట్టిని గీరి, ఎరువు కూడా వేసి పెడతాయి. నాలుగో రోజున విత్తనం జల్లుకోవడమే. జీతం లేని పన్నెండు మంది పనివాళ్ళనుకోవచ్చు. అందరికన్నా లావైన ఎర్రకోడికి సూపరింటెండెంట్ అని పేరు. అది పని తక్కువ చేసి, మిగతావాళ్ళ పని ఎక్కువ చూస్తుంది.

ఇక ఆ హోటల్ సంగతి. రెండేళ్ళుగా తోటమ్మ తెల్లారకుండానే లేచి ఆకుకూరలు కోసి, మార్కెట్టులో పట్టా పరుచుకుని కూర్చుంటోంది. ఎండ ఎక్కేసరికి మిగిలినవి వాడిపోతే వెనక్కి తెచ్చుకుంటోంది. తన చేత్తో పెంచింది తన కళ్ళ ముందే వాడిపోవడం ఆవిడకి భరించరాని బాధ. హోటల్ వాళ్ళు ఏడాది పొడుగునా కొంటామంటే ఆ బాధ తీరిపోతుంది. అందుకే నలభై రోజులు కంటికి రెప్పలా కాపాడి ఒక మడి పాలకూర పెంచింది. చెఫ్‌కి చూపించాల్సింది దాన్నే.

తోటమ్మ భర్తని అందరూ తపాలాయన అంటారు. ముప్ఫయ్యేళ్ళు ఉత్తరాలు పంచి, నాలుగు నెలల కిందటే రిటైరయ్యాడు. ఆ ముప్ఫయ్యేళ్ళలో ఒక్క ఉత్తరం కూడా వేరే ఇంట్లో పడలేదు. ఆ మాట ఆయన తరచుగా చెబుతాడు, నిజం కాబట్టి ఎవరూ ఏమీ అనలేరు. వీధిలో మూడో ఇల్లంటే వీధి మొదట్నుంచి లెక్కపెట్టాలి, అంటే మనిషి లోపలికి అడుగు పెట్టే వైపు నుంచి. తోటలో మూడో మడి అన్నా ఆయనకి అంతే, గేటు నుంచి మూడోది. తోటమ్మకి మాత్రం లెక్క బావి దగ్గర మొదలవుతుంది, నీళ్ళు అక్కడ బయల్దేరతాయి కాబట్టి. ఆవిడ మూడో మడిలో పూతకొచ్చి ముదిరిపోయిన ముల్లంగి ఉంది. ఆయన మూడో మడిలో పాలకూర ఉంది.

పాలకూర నిగనిగలాడటం ఆయన చూడకపోలేదు. 'కోళ్ళంటే దీనికెంత ప్రేమ' అని మెచ్చుకున్నాడు కూడా. చిరునామా ప్రకారం చేర్చడం తన పని, లోపల ఏముందో చూడటం ఏనాడూ తన పని కాదు. గూడు తోసేసి, చేతులు కడుక్కుని, అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

తొమ్మిది దాటాక ఆయన అత్తగారు, ఆ ఇంటి పెద్దావిడ, పెరట్లోకి వచ్చింది. ఆవిడ ఎక్కువ మాట్లాడదు. ఎదుటివాళ్ళకి పని చెప్పడానికైతే మాట్లాడుతుంది.

"బాబూ, ఇవాళ కోళ్ళకి పెళ్ళిభోజనం పెట్టించారా?"

"మూడో మడండీ అత్తయ్యగారూ. తనే చెప్పి వెళ్ళింది."

"అది ఆరోది."

ఆయన గేటు దగ్గర నిలబడి వేలు చూపిస్తూ మూడు లెక్కపెట్టాడు. ఆవిడ బావి దగ్గర నిలబడి ఆరు లెక్కపెట్టింది. ఇద్దరూ అదే మడి దగ్గర కలుసుకున్నారు. ఎవరి లెక్కలోనూ తప్పు లేదు. అప్పటికి పాలకూర సగం లేదు.

తపాలాయన పరిగెత్తి గూడు పట్టుకున్నాడు. దాన్ని తొయ్యాలిగాని ఎత్తకూడదు. ఆయన ఎత్తాడు. రెప్పపాటులో పదకొండు కోళ్ళు కింద నుంచి బయటికొచ్చి తోటంతా చెల్లాచెదురయ్యాయి. సూపరింటెండెంట్ ఒక్కటే పాలకూర వదిలి రాలేదు. మిగిలిన సగమైనా దక్కించుకుందామని ఆయన షెడ్డులోంచి పచ్చటి వల తెచ్చి మడి మీద కప్పాడు. కిందనుంచి ఇంకో ఐదు కోళ్ళు దూరాయి. వల కింద చల్లగా ఉంది, కాకి భయం లేదు. అవి మరింత స్థిమితంగా తిన్నాయి.

అంతలో గేటు ముందు మోటారు సైకిలు ఆగింది. సంచీ భుజాన వేసుకున్న మనిషి దిగాడు. తొమ్మిదిన్నరే అయింది, చెఫ్ అరగంట ముందే వచ్చేశాడని తపాలాయన ఎదురెళ్ళాడు. నిజానికి ఆ వచ్చినవాడు మోటారు మెకానిక్. బావి మోటారు చప్పుడు చేస్తోందని నిన్న తోటమ్మే రమ్మంది.

"రండి రండి, మీ కోసమే చూస్తున్నాం," అంటూ తపాలాయన అతన్ని తోట వైపు చూడనివ్వకుండా భుజం పట్టుకుని అరుగు మీదకి నడిపించాడు.

"బావి ఎటుందండీ? ముందు నీళ్ళు చూస్తేగానీ నేనేం చెప్పలేను."

నీళ్ళ దగ్గర్నుంచి చూస్తాడంటే సామాన్యుడు కాదు, అనుకున్నాడు తపాలాయన. కాఫీ ఇచ్చాడు. పళ్ళు కోసి పెట్టాడు. ఇక దాచలేక నోరు విప్పాడు.

"చూడండి, ఇక్కడ ఇటుక ముక్కలు తప్ప ఏమీ ఉండేవి కావు. నేను ఉత్తరాలు పంచి ఇంటికొచ్చేసరికి మా ఆవిడ రోజూ ఒక గుట్ట ఏరి పెట్టేది. ఏనాడూ అలిసిపోయానన్లేదు. తప్పంతా నాదండీ, దాని మీద పెట్టకండి."

మెకానిక్‌కి జాలేసింది. "ఏం పర్లేదండీ, అందరిళ్ళలోనూ అయ్యేదే. కాలిపోయిందా?"

"తినేశాయండీ."

"ఏవి?"

"కోళ్ళు."

మెకానిక్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "వైర్లా?" అన్నాడు.

ఇదే సమయంలో వెనక దారిన ఒకామె తోటలోకి వచ్చింది. ప్యాంటూ చొక్కా, కాళ్ళకి బూట్లు, భుజాన గుడ్డసంచీ. అసలు చెఫ్ ఆమే.

"తోట చూద్దామని వచ్చానండీ," అందామె పెద్దావిడతో.

"చూద్దువుగాని. ముందా తెల్లదాన్ని అటునుంచి తరుము," అంది పెద్దావిడ.

హోటల్లో ముప్ఫై మందికి పని చెప్పే మనిషి ఆమె. అయినా పెద్దావిడ గొంతులో ఏముందోగాని, సంచీ కింద పెట్టి తెల్లదాన్ని తరిమింది. తరవాత నల్లదాన్ని, ఆ తరవాత చుక్కలదాన్ని. అలుపొచ్చినప్పుడల్లా బావి వైపు ఒక మడి గట్టున కూర్చుని, చేతికందిందేదో తెంపి నములుతూ మళ్ళీ లేచింది. పదకొండింటినీ గూట్లో వేశాక సూపరింటెండెంట్‌ని పాలకూర మీంచి లాగడానికి ఇద్దరూ కలవాల్సి వచ్చింది.

తోటమ్మ పది నిమిషాలు ముందే వచ్చింది. అరుగు మీద మెకానిక్ రెండో కాఫీ తాగుతున్నాడు, ఎదురుగా తన భర్త చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అవతల మోకాళ్ళ దాకా మట్టితో చెఫ్, ఆమె చంకలో సూపరింటెండెంట్. ఆమెని తోటమ్మ ఇదివరకు హోటల్లో చూసింది.  ఆవిడ నేరుగా వెళ్ళి వల ఎత్తి చూసింది. నలభై రోజుల పాలకూర, కాడలు మాత్రం మిగిలాయి.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క నిమిషం అటు తిరిగి నిలబడింది. ఆవిడ చోట మరొకరైతే మొగుణ్ణి నాలుగు మాటలని ఉండేవారు, లేదా ఏదో కట్టుకథ అల్లేవారు. తోటమ్మ మట్టిలో వేలు పెట్టి పాలకూర వేళ్ళు ఎలా ఉన్నాయో చూసి, లేచి చెఫ్ ఎదుటికి వచ్చింది.

"మీకు చూపిద్దామనుకున్నది ఈ మడేనండీ. కోళ్ళు తినేశాయి. వేళ్ళకేం కాలేదు, పదిహేను రోజుల్లో మళ్ళీ చిగురిస్తుంది. అప్పుడొకసారి రాగలరా?"

చెఫ్ నోట్లో ఏదో ఉంది. అది మింగి, కోడిని కిందికి దించింది.

"ఇవెందుకు చూపించరు నాకు?" అని గుప్పిట విప్పింది. పూత నుంచి దిగిన లేత ముల్లంగి కాయలు.

"అదా? ముదిరిపోయిందని ఇవాళ కోళ్ళకి వదిలేద్దామనుకున్నానండీ."

"వదలకండి. ఈ కాయల కోసం రెండేళ్ళుగా తిరుగుతున్నాను. పూత రాగానే అందరూ పీకేస్తారు. ఈ మడంతా నాకే కావాలి. పాలకూర చిగురించగానే అదీ పంపండి, ఇక ఏడాదంతా మీ దగ్గర్నుంచే." సూపరింటెండెంట్ వైపు చూసింది. "పాలకూర రుచి నేను అడగనక్కర్లేదు. దీన్ని లాగడానికి ఇద్దరం పట్టాం."

 చెఫ్ ముల్లంగి మడి చుట్టూ తిరిగి, "ఇంతకీ దీన్ని పీకకుండా ఉంచిందెవరు?" అని అడిగింది.

తపాలాయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. తోటమ్మ ఆయన్నొకసారి చూసింది.

"మా ఆయనేనండీ," అంది. "కోళ్ళని దాని మీదకి తోలమని నేనే చెప్పాను. ఆయన తోల్లేదు."

పెద్దావిడకి దగ్గొచ్చింది. తపాలాయన తలెత్తాడు.

వారం తిరక్కముందే ముల్లంగిని కాయల దాకా ఉంచాలన్న ఆలోచన మొదట్నుంచీ తనదేనని ఆయన పూర్తిగా నమ్మేశాడు, తోటమ్మ కాదనలేదు, గూడు మాత్రం ఆ మర్నాటి నుంచీ తనే తోసుకుంటోంది.