గేటు బోర్డు మీద రెండు మాటలు

రిటైరైన ఇంగ్లీషు టీచరు ఎలీసమ్మకు పొద్దున్నే ఒకటే పని. రాజోలులో తన ఇంటి గేటుకు కట్టిన నల్లబోర్డు మీద రెండు ఇంగ్లీషు మాటలు రాసి, తేడా తెలిసేలా చెరొక ఉదాహరణ ఇవ్వడం. ముప్పై రెండేళ్లు క్లాసులో ఉదాహరణలకు పిల్లల పేర్లే వాడింది. ఇప్పుడు పిల్లలెవరూ లేరు గనక తన పేరే వాడుతోంది. ఆ బోర్డు ఎవరూ చదవరని ఆవిడకు గట్టి నమ్మకం.

ఆ మంగళవారం వంతు అలోన్, లోన్లీలది. 'ఎలీసమ్మ ఇంట్లో ఒక్కతే ఉంటుంది' అని మొదటిదానికి, 'ఎలీసమ్మకు ఎవరూ లేరని దిగులుగా ఉంది' అని రెండోదానికి తెలుగులో కూడా రాసి, టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్లింది.

పాత శిష్యుడు దుర్గేష్ ఆటో ఆపి మరీ చదివాడు. బళ్లో ఏ పాఠమూ అంత శ్రద్ధగా చదివిన పాపాన పోలేదు. మాటల తేడా వదిలేసి, దిగులు మాత్రం పట్టుకెళ్లి ఎదురింటి సుబ్బాయమ్మకు చెప్పాడు. ఆవిడ పాస్టరుగారి భార్యకు ఫోను చేసింది. చెప్పినవాళ్లంతా తలా కాస్త కలిపారు. పదింటికి టీచరు మంచం పట్టింది, పదకొండింటికి అన్నం మానేసింది.

పన్నెండింటికి పాస్టరుగారు, చాపలతో ఆడవాళ్లు, కారియరుతో సుబ్బాయమ్మ వచ్చి వసారా నింపేశారు. మనిషి పోయాక ఇంటివాళ్లకు పెట్టే ఆదరణ కూడికను, మనిషి ఉండగానే మొదలుపెట్టారు. ఒకరి జాలి ఎరగకుండా బతికానన్న ఎలీసమ్మ పరువు కాస్తా నడివసారాలో పడింది.

"నాకేం దిగుల్లేదండీ. అది ఉదాహరణ."

"ఆయ్, ఉదాహరణేనండి. ముందు రెండు ముద్దలు తినండి," అంది సుబ్బాయమ్మ.

ఎలీసమ్మ నిలబడి, క్లాసు గొంతుతో అరగంట పాఠం చెప్పింది. మొదటి వాక్యం నిజం, రెండోది ఉత్తుత్తిదే అని తేల్చింది. ఆవిడ సర్వీసులో తొలిసారి అందరికీ ఒకేసారి అర్థమైంది. చాపలు చుట్టుకుని, క్షమించమని చెప్పి వెళ్లిపోయారు. దిగుల్లేని మనిషికెందుకని కారియరు కూడా వెళ్లిపోయింది.

వసారా బోసిపోయింది. ఎలీసమ్మకు ఏడుపొచ్చింది. రెండో వాక్యమూ నిజమేనని ఒప్పుకుందామంటే, వినడానికి ఒక్కరూ లేరు.

మర్నాడూ బోర్డు మీద అవే మాటలు. దుర్గేష్ ఆటో ఆపి, మార్చడం మరిచిపోయారేమోనని అడిగాడు.

"నిన్న రెండో వాక్యం తప్పు చెప్పేనురా," అంది ఎలీసమ్మ. "పాఠం మళ్లీ చెప్పాలి, అందర్నీ రమ్మను. సుబ్బాయమ్మగారిని కారియరుతో రమ్మను."