వేరు ఉన్న ఉద్యోగి

నడింపేట మున్సిపాలిటీలో జనన మరణాల గుమాస్తా కుప్పిలి సాంబమూర్తి సర్వీసులో ఉండగానే పోవడంతో, ఆయన ఉద్యోగాన్ని ఆయన పెంచిన నీటిమొక్కకు కారుణ్య నియామకం కింద ఇచ్చారు. ఇందులో వింత ఏమీ లేదు. సాంబమూర్తి పెళ్లి చేసుకోలేదు. ఆయన మీద ఆధారపడినవాళ్లు ఇద్దరే: చెల్లెలు విశాలాక్షి, గాజుతొట్టెలో మొక్క. చెల్లెలికి నలభై ఆరేళ్లు. నలభై ఐదు దాటినవాళ్లు పనికిరారని నిబంధన. మొక్కకు రెండేళ్లు. కనీసం ఎన్నేళ్లు ఉండాలో ఆ ఉత్తర్వులో రాయడం మరిచిపోయారు. అందుచేత మొక్క ఉద్యోగి అయింది, విశాలాక్షి దాని మీద ఆధారపడిన మనిషి అయింది. ఆ హోదాతోనే ఆమె మున్సిపల్ క్వార్టరులో రెండు గదుల్లో ఉండిపోయింది. మొక్క బతికి ఉన్నన్నాళ్లూ ఇల్లు ఆమెది. పోతే నెల తిరగకుండా ఖాళీ చెయ్యాలి.

మొక్కను చూసుకునే పని చలువాది నాగభూషణానికి అప్పగించారు. బస్టాండు వెనక రంగుచేపల కొట్టు ఆయనదే. సాంబమూర్తికి ఆ మొక్కను అమ్మిందీ ఆయనే. క్రిప్టోకొరైన్ అని దాని పూర్తి పేరు, కొట్లో క్రిప్ట్ అంటారు. నీళ్ల అడుగున ఇసుకలో వేరు దిగిందంటే చేప కంటే ఎక్కువకాలం బతుకుతుంది. వ్యాపారానికి అది మంచి గుణం కాదు. చేప చస్తే కొన్నవాడు మళ్లీ చేపకు వస్తాడు. మొక్క బతికితే ఇక రాడు. అందుకని దాన్ని ఎలా బతికించాలో ఏ కొట్టువాడూ పూర్తిగా చెప్పడు. నాగభూషణం ముప్పై ఏళ్లుగా సగమే చెబుతూ వచ్చాడు. ఇప్పుడు మొక్క ఉద్యోగంలో చేరింది కాబట్టి, అది బతికితేనే తనకు పని. లాభం ఆ వైపుకు మారింది గనక నాగభూషణం కూడా మారాడు. వారానికోసారి పావువంతు నీళ్లు తీసి కొత్తనీళ్లు పోసేవాడు. పండుబారిన ఆకుల్ని మొదలుకంటా కత్తిరించేవాడు. మొక్క మొదలు ఇసుకలో కూరుకుపోకుండా వేలితో సర్దేవాడు.

మొక్క చేసే పని కష్టమైనదేమీ కాదు. ఉదయం పదింటికి తొట్టె మీద దీపం వేస్తారు. గంట గడిచేసరికి ఆకుల అంచున గాలిబుడగలు పుడతాయి. అర్జీని తొట్టె ముందు పెట్టాక ఒక బుడగ పైకి లేస్తే మంజూరు. ఐదు నిమిషాల్లో లేవకపోతే మర్నాడు రావాలి. సాంబమూర్తి హయాంలో మూడు నెలలు పట్టిన మరణ ధ్రువపత్రం ఇప్పుడు రెండు రోజుల్లో వస్తోంది. కొందరు అలవాటు కొద్దీ ఎవరూ చూడకుండా ఇసుకలో ఎరువు బిళ్లలు గుచ్చి వెళ్లారు. దానివల్ల గాజుకు నాచు పట్టింది గాని పని తొందరపడలేదు. ఎనిమిది గంటలకు మించి దీపం ఉంచితే నాచు ఇంకా ముదురుతుందని నాగభూషణం రాసిచ్చాడు. సాయంత్రాలు కూడా దాని చేత పని చేయించుకోవాలనుకున్న కౌన్సిలర్లు నిరాశపడ్డారు.

మూడేళ్లు నిండాయి. సాధారణ బదిలీల్లో మొక్కను పై అంతస్తులోని ఆస్తిపన్ను సెక్షనుకు వేశారు. ఉత్తర్వు చూసి నాగభూషణం మేనేజరు జోజిరెడ్డి దగ్గరికి వెళ్లాడు.

"సార్, దీన్ని కదపగూడదండీ. వేరు కదిలితే ఆకులు కరిగిపోతయ్."

"బదిలీ అంటే ఎవరికి కరగలేదు శెట్టీ? నన్ను నాలుగుసార్లు పీకారు. ఈ నెత్తి చూడు, అప్పుడు ఎంత జుట్టుండేదో. నేనేమన్నా ఆగానా?"

"మీరు మనుషులండీ."

"నువ్వొక్కడివే అంటున్నావ్ ఆ మాట," అని జోజిరెడ్డి సంతకం చేశాడు.

మొక్కను బకెట్లో పెట్టి, మెట్లెక్కించి, పై అంతస్తులో కొత్త తొట్టెలో నాటారు. కొత్తచోట చేరడానికి ఉద్యోగులకు ఇచ్చే ఆరు రోజుల గడువు దానికీ ఇచ్చారు. నాలుగో రోజుకు ఆకులు ఉల్లిపొరలా పలచబడ్డాయి. ఆరో రోజుకు జిగురై నీళ్లలో కలిసిపోయాయి. విధుల్లో చేరాల్సిన రోజున తొట్టెలో ఇసుక తప్ప ఏమీ కనబడలేదు.

ఆ మధ్యాహ్నం విశాలాక్షి చేపలకొట్టుకు వచ్చి, గొడుగు ముడిచి, చాలాసేపు చేపల్ని చూస్తూ నిలబడింది.

"శెట్టిగారూ, నిజం చెప్పండి. అయిపోయిందా?"

"అయిపోలేదమ్మా. ఆకులే పోయినయ్. అడుగున వేరు బాగానే ఉంది. ముట్టుకోకుండా వదిలేస్తే నెలరోజుల్లో కొత్తాకు వేస్తది."

"మరి నాకీ సంగతి ముందెన్నడూ చెప్పలేదేం? అన్నయ్య మొదట తెచ్చుకున్న మొక్కలు మూడు ఇలాగే కరిగాయి. చచ్చాయనుకుని పీకి పారేశాడు. ప్రతిసారీ మీ దగ్గరే కొన్నాడు."

నాగభూషణం చేపల మేత డబ్బా మూత బిగించాడు. "అడగలేదమ్మా ఆయన," అన్నాడు.

"అడిగితే చెప్పేవారా?"

"ఇప్పుడు చెబుతున్నా గదా."

మర్నాడు మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. ఉద్యోగి కనబడటం లేదు, సెలవుచీటీ లేదు. ఇలాంటప్పుడు రెండే దారులు. అనుమతి లేని గైర్హాజరు అనాలి, లేదా పోయినట్టు రాసుకోవాలి. రెండో దారిలో క్వార్టరు ఖాళీ చెయ్యమనే నోటీసు కూడా టైపు చేసి పెట్టారు. జోజిరెడ్డి దుర్మార్గుడు కాదు. ఆ నోటీసును విశాలాక్షి కంటబడకుండా తిరగేసి పెట్టాడు.

"వేరు బతికే ఉందండీ," అన్నాడు నాగభూషణం.

"ఎట్టా నమ్మేది? చూపించు."

ముప్పై ఏళ్లుగా, చూపించమని గిరాకీ అడగ్గానే సరుకు తీసి చూపించడం నాగభూషణం చేతికి అలవాటు. ఆలోచించకుండానే చెయ్యి నీళ్లలోకి పోయింది. రెండు వేళ్లతో మొదలు పట్టుకుని, ఇసుకలోంచి లాగి, దీపం కింద పట్టాడు. తెల్లటి వేళ్లు పీచులా దట్టంగా ఉన్నాయి. జోజిరెడ్డి కళ్లజోడు సవరించుకుని చూశాడు. ఉద్యోగి స్వయంగా హాజరై తాను సజీవంగా ఉన్నట్టు రుజువు చేసుకున్నాడని ఫైల్లో రాశాడు. విశాలాక్షి రెండు చేతులూ జోడించింది. తను చేసిందేమిటో నాగభూషణానికి మెట్లు దిగుతుంటే తెలిసింది.

ఒకసారి ఫైల్లోకి ఎక్కిన పద్ధతి మళ్లీ దిగదు. ప్రతినెలా ఒకటో తారీఖున వేరు చూపించి, సజీవ ధ్రువపత్రం తీసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. ముప్పై రోజులు ముట్టకుండా వదిలేస్తేనే మొక్క ఆకు వేస్తుంది. ముప్పై రోజులకోసారి పీకితేనే అది బతికి ఉన్నట్టు. రెండో నెల గోరంత ఆకు ఒకటి మొలిచింది. పీకి నాటాక కరిగిపోయింది. మూడో నెల మొలక కనబడింది, అదీ పోయింది. నాలుగో నెల ఏమీ రాలేదు. వేళ్లు గోధుమరంగుకు తిరిగాయి.

"అద్దంలోంచి చూడండి సార్. మొక్కను గాజు వారగా నాటి వదిలేస్తా. పీకే పనిలేకుండా వేరు కనపడతది," అన్నాడు నాగభూషణం.

"పింఛనుదార్లు కూడా అదే అడిగారు శెట్టీ. మంచంమీద ఉన్నాం, కిటికీలోంచి చూసుకోమని. ఒప్పుకోలేదు. మోసుకొచ్చారు. ఇద్దరు దారిలో పోయారు కూడా. మొక్కకి సడలిస్తే రేపు వాళ్లకేం చెప్పేది?"

ఐదో నెల ఒకటో తారీఖుకు ముందురోజు నాగభూషణం క్వార్టరుకు వెళ్లాడు. విశాలాక్షి చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆయన గుమ్మంలోనే కూర్చున్నాడు.

"సగం చెప్పడం నాకు అలవాటు. ఇవ్వాళ మొత్తం చెబుతానమ్మా. రేపు పీకామంటే ఇంక రాదు. రెండు నెలలు వదిలేశామంటే, నా లెక్కలో రూపాయికి అర్ధరూపాయి బతికే వీలుంది."

"వదిలేస్తే రేపు ధ్రువపత్రం రాదు."

"రాదు."

"పత్రం లేకపోతే అది చనిపోయినట్టు. నేను ఇల్లు వదలాలి. రెండు నెలల తరవాత అది ఆకు వేస్తే?"

"వేస్తే వేసింది. రాతలో పోయినోళ్లని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోరు."

ఆమె తుంచిన ముక్కల్ని గిన్నెలోకి తోసింది. "అన్నయ్య పొద్దున లేస్తూనే దాని మొహం చూసేవాడు. నాతో మాట్లాడింది తక్కువ," అంది. గిన్నె పక్కకు జరిపి, "ఎన్నింటికి రమ్మంటారు?" అని అడిగింది.

"పదకొండింటికి."

మర్నాడు మొక్కను ఆమే పీకింది. నాగభూషణం పక్కన బకెట్టు పట్టుకున్నాడు. చేతికి వచ్చింది తడిసిన చీపురుపుల్లంత గోధుమరంగు పోగు. నొక్కితే మెత్తగా అణిగింది. కుళ్లిన వాసన గదిలో అందరికీ తెలిసింది.

"వేరేనా ఇది?" అని అడిగాడు జోజిరెడ్డి.

"వేరే," అంది విశాలాక్షి.

మేనేజరు నాగభూషణం వైపు చూశాడు. సరుకు చచ్చిందని ఒప్పుకున్న కొట్టువాడు ఆ బజార్లో ఇంతవరకూ లేడు. అయినా ఈసారి ఆయన నోరు కట్టేసింది ఆ లెక్క కాదు. "వేరేనండీ," అన్నాడు.

సజీవం అని రాశారు.

అప్పట్నుంచి మొక్కతో ఏ ఇబ్బందీ లేదు. పీకినా కరగడానికి ఆకు లేదు. ఒకటో తారీఖున ఆ పోగును ఇసుకలోంచి తీస్తారు, చూస్తారు, మళ్లీ గుచ్చుతారు. ఏ మాత్రం నాచు పట్టని నీళ్లతొట్టె మున్సిపాలిటీ మొత్తంలో అదొక్కటేనని తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి సీనియర్ అసిస్టెంటుగా పదోన్నతి ఇచ్చారు. విశాలాక్షి క్వార్టరుకు సున్నం వేయించుకుంది. నాగభూషణం వారానికోసారి వెళ్లి పావువంతు నీళ్లు మారుస్తూనే ఉన్నాడు. ఆకు వేసిందా అని ఆమె అడగదు, వెయ్యలేదని ఆయన చెప్పడు.

ఆస్తిపన్ను సెక్షను ముందు జనం మాత్రం పెరిగారు. పదింటికి దీపం వేస్తారు, అర్జీలు పెడతారు, ఐదు నిమిషాలు చూస్తారు, మర్నాడు వస్తామని వెళతారు. ఎవరూ గొడవ చెయ్యలేదు. ఆఫీసరు లేడంటే గొడవ చెయ్యొచ్చు. ఉన్నాడని రాతపూర్వకంగా ఉన్నప్పుడు చేసేదేముంది?

ఆషాఢంలో నాగభూషణం వాళ్ల నాన్న పోయాడు. పన్ను రికార్డులో తండ్రి పేరునే ఉన్న కొట్టును తన పేరుకు మార్పించుకోవాలి. అర్జీ రాసుకుని, స్టాంపు అంటించుకుని, చేతిలో నీళ్ల గొట్టం లేకుండా, సొంత పని మీద మొదటిసారి ఆ మెట్లెక్కాడు. వరసలో ముప్పైమంది దాకా ఉన్నారు. చివర నిలబడ్డాడు. అక్కడినుంచి తొట్టె బాగానే కనబడుతోంది. నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున ఇసుక, ఇసుకలో ఆ పోగు. పైకి లేచేది ఏదీ లేదు, లేవబోదు కూడా. ఆ సంగతి ఆయనకు తెలిసినంత బాగా ఊళ్లో ఎవరికీ తెలియదు.

పల్లెటూరినుంచి వచ్చినట్టున్న ఒకావిడ వగరుస్తూ మెట్లెక్కి వచ్చి, ఆయన వెనక నిలబడింది.

"అయ్యా, సారు ఉన్నాడా?"

నాగభూషణం తొట్టె మీదినుంచి చూపు తిప్పలేదు.

"ఉన్నారమ్మా," అన్నాడు. అని, ముందువాడు ఒక అడుగు జరిగితే తనూ జరిగాడు.