లడాఖ్ వయా అంజూర్ ఫాటా

మహారాష్ట్రలోని భివండి తెలుగువాళ్లలో మనశ్శాంతి కోసం మోటార్‌సైకిల్ మీద లడాఖ్ బయలుదేరిన మొదటి మనిషి నార్పోలి పేటలో చీరల దుకాణం నడిపిన కాశీనాథ్ సేఠ్. ఆయన లడాఖ్ చేరలేదన్నది చిన్న విషయం. మనశ్శాంతి మాత్రం దొరికింది.

దుకాణం కొడుకు వైభవ్‌కు అప్పగించాక సేఠ్‌కు పని లేకుండా పోయింది. జన్మంతా దుకాణం చుట్టూ ఉన్న మరమగ్గాల చప్పుడు మధ్య అరిచి మాట్లాడిన మనిషి, అదే గొంతుతో భార్య జానకమ్మకు చపాతీ గుండ్రంగా ఒత్తడం నేర్పసాగాడు. ఆమె ఆరేసిన బట్టలు తీసి మళ్లీ ఆరేశాడు. ఆమె ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతుంటే పక్కనుంచి సవరణలు అందించాడు. మధ్యమధ్యలో తన బతుక్కి అర్థం లేదని దిగులుపడ్డాడు.

జానకమ్మ ఆయనకొక వీడియో చూపించింది. అందులో ఒక గడ్డం కుర్రాడు మంచుకొండల్లో బండి ఆపి, తనను తాను కనుగొన్నానని ఏడుస్తున్నాడు.

"నువ్వు గూడ పో. నిన్ను నువ్వు మంచిగ దేవులాడుకో. దొరికినంకనే రా, తొందరేం లేదు" అంది.

పక్కనున్న టెంఘర్ పేటలో వీడ్కోలు సభ జరిగింది. తెలుగు సమాజం అధ్యక్షుడు లక్ష్మీనర్సయ్య దండ వేసి, "సేఠ్ పోతున్నది లడాఖ్‌కు కాదు, తన లోపలికి. లోపలికి పోయేటోళ్లకు పెట్రోల్ మస్తు గావాలె" అని ప్రసంగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

లోపలికి బయలుదేరిన సేఠ్ ఊరు దాటకముందే అంజూర్ ఫాటా కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. ముందు లారీలు, వెనక లారీలు. విసుగొచ్చి బండి దిగి, ఒక లారీ డ్రైవరుకు స్టీరింగ్ ఎట్లా తిప్పాలో చెప్పాడు. డ్రైవరు విన్నాడు. పోవడానికి అతనికి దారి లేదు మరి. టెంపోవాడికి తాడు కట్టడం గురించి, రిక్షావాడికి పిల్లల చదువు గురించి చెప్పాడు. ఒక్కరూ లేచి వెళ్లలేదు. సేఠ్ కళ్లు చెమర్చాయి.

సాయంత్రం గుమ్మంలో ఆయనను చూసి జానకమ్మ ముఖం వాడిపోయింది.

"దొరికింది" అన్నాడు సేఠ్, బొంగురు గొంతుతో.

పగలంతా సలహాలు చెప్పీ చెప్పీ గొంతు పోయింది, ఆ పై మాట రాలేదు. జానకమ్మకు అప్పుడు అర్థమైంది. మర్నాటి నుంచి రోజూ తానే హెల్మెట్ తుడిచి చేతికిచ్చి పంపేది. ఈ వైద్యం ఊరంతా పాకింది. రిటైరైన మగవాళ్లందరూ జాకెట్లు తొడిగి అంజూర్ ఫాటా దాకా సుదూర యాత్రలు మొదలుపెట్టారు.

ఇంతలో ఘోరం జరిగింది. రోడ్డు వెడల్పు చేశారు. లారీలు ఆగకుండా పోసాగాయి. సలహాలన్నీ కడుపులో అట్లాగే పెట్టుకుని మగవాళ్లు పొద్దున పదింటికల్లా ఇళ్లకు తిరిగొచ్చారు.

మూడో రోజు జానకమ్మ వాడకట్టు ఆడవాళ్లను వెంటబెట్టుకుని పోయి ఆ రోడ్డు మీద బైఠాయించింది. మీ డిమాండ్ ఏమిటని పోలీసు అడిగాడు.

"రోడ్డు మంచిగైతె మా ఇండ్లు ఖరాబైతున్నయి సాబ్" అంది. పోలీసుకూ ఇంట్లో రిటైరైన తండ్రి ఉన్నాడు. లాఠీ పక్కన పెట్టి, లారీలకు చెయ్యి అడ్డం పెట్టాడు.

అప్పటి నుంచి అక్కడ ట్రాఫిక్ యథాప్రకారం ఆగుతోంది. మీరెప్పుడైనా అందులో ఇరుక్కుంటే హారన్ కొట్టకండి. మీరు లేని మీ ఇల్లు ఈ క్షణాన ఎంత హాయిగా ఉందో ఒక్కసారి ఆలోచించండి.