తడి దుప్పటి లేని వార్డు

మనిషి బతకడం గొప్ప కాదు, నాణ్యంగా బతకడం గొప్ప!

ఈ మాట నేనన్నది కాదు లెండి. అంత గొప్ప మాటలు నాకెక్కడివి? పలకకూ నాకూ రెండో తరగతిలోనే చెడింది. అన్నది నరాల జబ్బుల పునరావాస విభాగం పెద్ద డాక్టరుగారు. మా ఆయన మంచం పక్కన నిలబడి మరీ అన్నారు. వెనకాల నిలబడ్డ చిన్న డాక్టర్లందరూ తలలూపారు. మా ఆయన ఊపలేదు. అప్పటికి ఆయన తల ఒక పక్కకే తిరిగేది. ఆ పక్కన గోడ ఉంది.

మా ఆయన పైపుల మేస్త్రి. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో గొట్టాలు బిగించి, విప్పి, పూడుకున్నవాటిని పొడిచి బతికిన మనిషి. ఒకనాడు ఎవరింట్లోనో సింకు కింద దూరారు. మళ్ళీ పైకి లేవలేదు. పక్షవాతం! కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మూతి వంకరపోయింది. అత్యవసర విభాగంవాళ్ళు ప్రాణం నిలబెట్టారు, వాళ్ళ కడుపు చల్లగా! పనిలో పనిగా ఒంటేలు పోవడానికి ఒక గొట్టం పెట్టి, దాని చివర ఒక సంచి తగిలించారు. లోకానికంతా గొట్టాలు బిగించిన మేస్త్రికి లోకం తిరిగి ఒక గొట్టం బిగించిందన్నమాట. బాకీ లేకుండా పోయింది!

ప్రాణం కుదుటపడ్డాక పునరావాసం వార్డుకి తెచ్చాం. ఇక్కడ కసరత్తు చేయించే అమ్మాయి ఒకతి ఉంది, ముక్కుసూటి పిల్ల. ఆ పిల్ల చేతిలో పడ్డాక మా ఆయన కాలు కదిలింది, మూతి సగం దారికొచ్చింది, మాట తిరిగింది. మాట తిరగ్గానే నన్ను పిలిచి అన్న మొదటి మాట వినండి. ఇన్నేళ్ళ కాపురం కదా, ఏదో తీపి కబురు చెబుతారని చెవి దగ్గర పెట్టాను.

"ఏమే, ఈ గొట్టం ఎప్పుడు తీస్తారు?"

మంచం చుట్టూ తెర లాగితే ఆయన ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేసేవారు. తెర తీసి కసరత్తు గదికి రమ్మంటే మాత్రం ససేమిరా!

"అక్కడ ఆడా మగా అందరూ ఉంటారు. నా ఒంట్లో నీళ్ళు నేనే చేత్తో పట్టుకుని ఊరేగాలా? రాను."

మా కోడలు మంచి పిల్ల. పూలగుడ్డ తెచ్చి, సంచికి ముచ్చటగా తొడుగు కుట్టింది. "ఇప్పుడు చూడండి మామయ్యా! ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలీదమ్మా. కూరలకెళ్తున్నావా మేస్త్రీ అని అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

కసరత్తు అమ్మాయి నన్ను పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. "బామ్మగారూ, ఆ గదిలో ఇనప కమ్మీలు పట్టుకుని నడిస్తేనే కాలు నిలబడుతుంది. ఇంటికి పంపేలోగా అది జరగాలి. ఇప్పుడు నడవకపోతే కాలు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత మంచమే."

"మరి గొట్టం తీయించు తల్లీ."

"నా చేతిలో లేదు. పెద్ద డాక్టరుగారు రాయాలి."

మర్నాడు పెద్ద డాక్టరుగారు రాగానే అడ్డం నిలబడ్డాను. "అయ్యా, ఆ గొట్టం ఎందుకు పెట్టారండీ?"

"అవసరమై పెట్టారమ్మా."

"ఇప్పుడు అవసరమా అండీ?"

"పెట్టింది మేం కాదు కదా! అత్యవసర విభాగంవారు. వారెందుకు పెట్టారో తెలియకుండా మేం తీయడం పద్ధతి కాదు."

కింద అత్యవసర విభాగానికి దిగాను. అక్కడివాళ్ళు ఎంతో మర్యాదస్తులు, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "మేం పెట్టేవాళ్ళమే గానీ తీసేవాళ్ళం కాదు బామ్మగారూ" అన్నారు. పెట్టేవాళ్ళు కింద, తీయనివాళ్ళు పైన, మధ్యలో మా ఆయన!

ఇలా లాభం లేదని వార్డు పెద్ద సిస్టరును పట్టుకున్నాను. ఆవిడ నన్ను గోడ మీది బోర్డు ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టింది.

"చూశారుగా? ఇదీ మా ఘనత!"

"నాకు చదువు అంతంతమాత్రం తల్లీ. నువ్వే చదివి పెట్టు."

"'తడి దుప్పటి లేని వార్డు!' ఆస్పత్రి మొత్తం మీద మా వార్డులోనే ఒక్క దుప్పటి కూడా తడవదు. జీవన నాణ్యత కమిటీవారు వస్తున్నారు. షీల్డు ఇస్తారు. ఇలాంటప్పుడు గొట్టం తీయమంటారేమిటి?"

అప్పుడు నాలుగు పక్కలా చూశాను. ప్రతి మంచానికీ ఒక సంచి! కాయ లేని కొమ్మ లేదు. ఇంతమందికి గొట్టాలు బిగించాక దుప్పటి ఎలా తడుస్తుంది? ఏడ్చినా తడవదు.

"షీల్డు ఎవరికమ్మా?"

"వార్డుకి."

"గొట్టం?"

"పేషెంటుకి."

"పంపకం బాగుంది" అన్నాను. ఆవిడ మెచ్చుకున్నాననుకుంది.

ఆ మధ్యాహ్నమే అట్ట పట్టుకుని ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది, మా ఆయన జీవన నాణ్యత కొలవడానికి. "తాతగారూ, ఈ వారంలో మీరు ఆనందంగా ఉన్నది ఎప్పుడూనా, తరచుగానా, అప్పుడప్పుడా?"

"గొట్టం తీశాక రామ్మా, చెబుతాను."

"ఆ జవాబు ఇందులో లేదండీ. ఉన్న మూడింట్లో ఒకటి చెప్పండి."

"అయితే నువ్వే చెప్పు, నేనెలా ఉన్నాను?"

ఆ పిల్ల కాసేపు ఆయన మొహంలోకి చూసి, వంకరపోయిన మూతిని చిరునవ్వనుకుని 'తరచుగా' అని టిక్కు పెట్టుకుని పోయింది.

ఇక నా దగ్గరున్న ఆయుధం ఒక్కటే. నా నోరు! పెద్ద డాక్టరుగారు ఎప్పుడు కనబడితే అప్పుడు మొదలుపెట్టేదాన్ని, అదీ నా పెళ్ళినాటి నుంచి. మా ఆయన ఎవరెవరి ఇంట్లో ఏయే పైపు మార్చారో, ఆ ఇంటావిడ ఏమందో, ఆవిడ తోడికోడలు ఏమందో, ఒక్కటి కూడా మర్చిపోతే ఒట్టు. ఆయన నడిస్తే నేనూ నడిచాను. ఆయన లిఫ్టెక్కితే నేనూ ఎక్కాను. తోడికోడలి చెల్లెలి సంగతికొచ్చేసరికి ఆయన రెండు చేతులూ ఎత్తేశారు.

"తీసేద్దామమ్మా! పరీక్షగా తీసి చూద్దాం! మేస్త్రిగారు సొంతంగా పోస్తే సరే. పోయకపోతే మళ్ళీ పెడతాం. సరేనా?"

మర్నాడు పొద్దున్నే గొట్టం తీశారు. మా ఆయన చెంబుల కొద్దీ నీళ్ళు తాగి తయారయ్యారు. వేళయింది. చేతికి సీసా ఇచ్చి, తెర లాగారు. ఆ తెర మోకాళ్ళదాకానే ఉంది. ఆ తెర లోపల ఎవరెవరున్నారంటారా? పెద్ద సిస్టరు, చిన్న సిస్టర్లు, అట్ట పట్టుకున్న డాక్టరమ్మ, నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు, నేను! తెర బయట పక్క మంచాలవాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పెళ్ళిచూపులకు కూడా మా ఆయన్ని ఇంతమంది చూడలేదు.

"కానివ్వండి మేస్త్రిగారూ, మొహమాటపడకండి" అంది సిస్టరు.

ఒకరు కుళాయి తిప్పారు, నీళ్ళ చప్పుడు వింటే వస్తుందని. నేను పసిపిల్లల్ని ఆడించినట్టు "ఉస్స్... ఉస్స్..." అన్నాను. డాక్టరమ్మ "ఇప్పుడు ఎలా అనిపిస్తోంది తాతగారూ?" అంది. మా ఆయన చెవుల దాకా ఎర్రబడి, కళ్ళు మూసుకుని, "మీరంతా బయటికి పోతే..." అన్నారు.

"అయ్యో, మేముండేది మీ కోసమే కదా!"

చుక్క రాలేదు.

పెద్ద డాక్టరుగారు తీర్పు చెప్పారు. "మూత్రాశయం సహకరించడం లేదు." గొట్టం మళ్ళీ లోపలికి పోయింది. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఈసారి తల రెండు పక్కలా తిరుగుతున్నా గోడ వైపే తిరిగారు.

"బాత్రూముకు తీసుకెళ్ళి తలుపేసి ఉంటే ఎందుకు రాదండీ?" అని సిస్టరు మీద లేచాను. "ఈ వార్డుకి బాత్రూము లేదా?"

"ఎందుకు లేదూ? అదిగో!"

చూశాను. తలుపుకి ఇంత లావు తాళం! లోపల కమిటీ సభకు తెచ్చిన కుర్చీలూ, 'జీవన నాణ్యత' అని రాసిన గుడ్డ బ్యానర్లూ పెట్టారట.

"బాత్రూములో కుర్చీలేమిటమ్మా?"

"అందరికీ గొట్టాలున్నాయి కదా బామ్మగారూ, బాత్రూముతో పనేముంది?"

"మరి గొట్టాలెందుకు తీయరు?"

"బాత్రూము ఖాళీ లేదు కదా!"

నాలాంటిదాని నోరు మూతపడిందంటే ఆ మాటకు ఎంత బలముందో మీరే చూసుకోండి.

కమిటీ వచ్చే రోజు వచ్చింది. కుర్చీలూ బ్యానర్లూ బయటికి తెచ్చి వార్డులోనే సభ తీర్చి, అలవాటు కొద్దీ మళ్ళీ తాళం వేశారు. ఆ తాళంచెవి పట్టుకుని సామాన్ల గుమాస్తా ఏదో కొనుక్కురావడానికి బజారుకు పోయాడు. పట్టుచీరలో వచ్చిన కమిటీ అధ్యక్షురాలు ముందు వరసలో కూర్చుంది. పూలతొడుగులు అన్ని సంచులకూ వచ్చేశాయి. మా కోడలి తెలివి సిస్టరు వాడేసుకుంది! పెద్ద డాక్టరుగారు ఉపన్యాసం ఎత్తుకున్నారు. మాట మాటకీ గొంతు తడుపుకున్నారు. ముందు మంచినీళ్ళు, తర్వాత టీ, ఆ తర్వాత ఎవరో ఇచ్చిన చల్లటి షర్బతు.

"మనిషికి గౌరవం..." అని ఆగారు. "గౌరవం... అంటే..." అని కాలు మార్చారు. మళ్ళీ మార్చారు. పైపుల మేస్త్రి భార్యని, ఒత్తిడి పెరిగితే నాకు తెలీదా?

వేదిక దిగి సిస్టరు చెవిలో ఏదో అన్నారు. సిస్టరు మొహం తెల్లబోయింది. బాత్రూముకి తాళం! లిఫ్టేమో పెద్దల కోసం మీదికీ కిందికీ తిరుగుతోంది. మెట్లు దిగే ఓపిక ఆయన మొహంలో కనిపించలేదు.

నాకు జాలేసింది. "రండి బాబూ" అని మా ఆయన మంచం దగ్గరికి తీసుకొచ్చి, సీసా చేతికిచ్చి తెర లాగాను. "మొహమాటపడకండి."

మోకాళ్ళ కింద బూట్లు కనబడుతున్నాయి. సభంతా ఆ బూట్ల వైపే చూస్తోంది. సిస్టరు అలవాటు కొద్దీ పరుగెత్తి కుళాయి తిప్పింది. డాక్టరమ్మ తెర దగ్గరికి వెళ్ళి భక్తిగా, "సార్, ఇప్పుడు ఎలా అనిపిస్తోంది?" అంది. నేను మాత్రం ఊరుకుంటానా?

"ఉస్స్... ఉస్స్..."

"అందరూ కాస్త బయటికి పోతారా!" అని లోపల్నుంచి కేక.

"అయ్యో సార్, మేముండేది మీ కోసమే కదా!" అంది సిస్టరు.

తెర పక్కకు జరిగింది. సీసా పొడిగా ఉంది. పెద్ద డాక్టరుగారు చెమటతో తడిసి ఉన్నారు. మంచం మీంచి మా ఆయన మెల్లిగా అన్నారు, "మూత్రాశయం సహకరించలేదాండీ?"

"తాళం పగలగొట్టండి!" అని పెద్ద డాక్టరుగారు అరిచారు. చిన్న డాక్టర్లు మంటలార్పే సిలిండరుతో తాళాన్ని ఒక్క దెబ్బ కొట్టారు. ఆయన లోపలికి దూరి గడియ పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన చప్పుడు గురించి నేను చెప్పకూడదు. సభ మొత్తం విన్నది. బయటికి వచ్చినప్పుడు ఆయన మొహంలో ఉన్న వెలుగు, ఉపన్యాసంలో వర్ణించిన జీవన నాణ్యత, రెండూ ఒకటే!

"ఆ గది ఏమిటండీ?" అని అడిగింది అధ్యక్షురాలు.

ఇప్పుడేమంటారోనని చూశాను. ఎంతైనా పెద్ద చదువు చదివినవారు! కోటు సవరించుకుని, "రోగులు గొట్టాల నుంచి విముక్తి పొంది, ఏకాంతంలో గౌరవంగా లఘుశంక తీర్చుకునే కేంద్రమండీ. ఆసియాలోనే... అంటే, ఈ వార్డులోనే మొదటిది. తమరి చేతుల మీదుగా ప్రారంభిద్దామని ఆపి ఉంచాం" అన్నారు.

తాళం ఎందుకుందో ఎవరూ అడగలేదు. బ్యానరుకు కట్టిన రిబ్బను విప్పి బాత్రూముకి కట్టారు. అధ్యక్షురాలు కత్తిరించింది. చప్పట్లు! షీల్డు అక్కడే ఇచ్చేసింది. "మొదటి లబ్ధిదారుడు ఎవరు?" అని ఆవిడ అడగ్గానే పెద్ద డాక్టరుగారి చెయ్యి తిన్నగా మా ఆయన వైపు తిరిగింది. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్న పద్ధతులన్నీ ఎగిరిపోయాయి. చిటికెలో గొట్టం బయటికి వచ్చేసింది.

కమిటీ భోంచేసి వచ్చేలోగా మా ఆయన నీళ్ళు తాగి తయారుగా ఉన్నారు. కసరత్తు అమ్మాయి ఒక రెక్క పట్టుకుంటే, తెర దాటి నడిచి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నారు. గుమ్మం ముందు కమిటీ, కెమెరా, కొలిచే జాడీ పట్టుకుని పెద్ద సిస్టరు. లోపల చడీ చప్పుడూ లేదు.

"బయట ఎవరు?" అని మా ఆయన గొంతు.

"మేమేనండీ! కమిటీ!"

"మీరు పోండి. మీరు పోతే అది పోతుంది."

పెద్ద డాక్టరుగారికి ఆ బాధ ఇప్పుడు తెలుసు. "పదండి, పదండి" అని అందరినీ వరండా చివరికి తోలేశారు. కసరత్తు అమ్మాయి కూడా గోడ మలుపు దాకా వెళ్ళి నిలబడింది.

"ఏమే, నువ్వూ పో."

ఉలిక్కిపడ్డాను. "నేనెవరినండీ? పెళ్ళాన్ని!"

"పెళ్ళానివైతే ఏం? తలుపుకి చెవి ఆనించి నిలబడ్డావు. నీ ఊపిరి వినబడుతోంది."

ఆయన ఏకాంతం కోసం ఇంత రామాయణం నడిపినదాన్ని! చెవి తలుపుకే ఉందని ఆయన అనేదాకా నాకే తెలీదు. నేనూ వరండా చివరికి పోయాను.

చాలాసేపయింది. అధ్యక్షురాలు గడియారం చూసుకుంది. చివరికి ఫ్లష్షు చప్పుడు, గడియ చప్పుడు. ఎడమ చెయ్యి గోడకానించి మా ఆయన బయటికి వచ్చారు. పెద్ద సిస్టరు జాడీతో పరుగెత్తింది.

"ఎంత వచ్చింది మేస్త్రిగారూ? జాడీలో పట్టలేదా? మేం రాసుకోవాలి!"

"ఎంతొచ్చిందో నాకు తెలుసు, లోపలి గోడలకు తెలుసు. చాలమ్మా" అని ఆయన ఆవిడ పక్క నుంచి, కమిటీ ముందు నుంచి, కెమెరా ముందు నుంచి మెల్లగా నడుచుకుంటూ నన్ను కూడా దాటిపోయారు.

"ఏవండీ! మంచం ఇటు!"

"మంచం ఎటుందో తెలుసులేవే" అని ఆగకుండానే అన్నారు. "అమ్మాయ్, ఆ కసరత్తు గది కమ్మీలెక్కడున్నాయి?"